క్రానిక్ లుకేమియా: ఏ మాత్ర ఎవరికి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రానిక్ లుకేమియా, అంటే నెమ్మదిగా పెరిగే రక్త క్యాన్సర్ గురించే. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్. రెండోది క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అంటే సీఎల్‌ఎల్. పేర్లు దగ్గరగా ఉన్నా వైద్యం పూర్తిగా వేరు, మందులు వేరు, పరీక్షలు కూడా వేరు. రిపోర్టులో ఏది రాసుందో ముందు చూసుకుని, తర్వాత ఆ జవాబు చదవండి.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్ ఉంది, గుండెకి స్టెంట్ కూడా వేశారు. ఈమధ్యే సీఎంఎల్ అని తేలింది. డాక్టర్ ఇమాటినిబ్ రాశారు. అది ఎప్పటిదో పాత మందు, నిలోటినిబ్ అయితే త్వరగా పనిచేస్తుంది అని మా బాబాయి పట్టుబడుతున్నారు. పాత మందుతో సరిపెడుతున్నారా?

మీ బాబాయిగారి మాటలో నిజం లేకపోలేదమ్మా. నిలోటినిబ్, డాసాటినిబ్, బోసుటినిబ్ లాంటి రెండో తరం మాత్రలు రక్తంలో జబ్బు కణాల లెక్కని ఇమాటినిబ్ కంటే త్వరగా దించుతాయి. కానీ కొత్తగా జబ్బు బయటపడినవాళ్లలో వీటిని ఇమాటినిబ్‌తో పోల్చి చూసిన పెద్ద పరీక్షల్లో, చివరికి ఎవరు ఎక్కువకాలం బతికారు అన్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు, ఎందుకంటే 'కొత్త మందు' అన్న మాటకే సగం మంది పడిపోతారు.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో మామూలుకంటే చిన్నదైన ఒక క్రోమోజోమ్‌ని గుర్తించారు. 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ ఒకదాని ముక్క ఇంకొకటి మార్చుకోవడం వల్ల అలా అవుతోందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్ తెల్లకణాల్ని ఆగకుండా పెరగమని తోస్తూనే ఉంటుంది. ఆ ఒక్క ప్రోటీన్‌ని అడ్డుకోవడానికని తయారుచేసిన మాత్రే ఇమాటినిబ్, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని మీద జరిగిన ముఖ్యమైన పరీక్షలో ఆ మందుతో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్ల తర్వాత కూడా 83 శాతం మంది బతికే ఉన్నారు. వ్యక్తిగత వైద్యం అని ఇప్పుడు అందరూ గొప్పగా చెప్పుకుంటున్నదానికి తొలి పెద్ద విజయం మీ నాన్నగారికి రాసిన ఈ 'పాత' మందే.

ఇక నిలోటినిబ్ సంగతి. అది రక్తంలో చక్కెరని, కొలెస్ట్రాల్‌ని పెంచగలదు. గుండె, మెదడు, కాళ్లకి వెళ్లే రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం దానితో ఇమాటినిబ్ కంటే ఎక్కువ, గుండె లయ మీద కూడా ప్రభావం ఉంటుంది. షుగరూ స్టెంటూ రెండూ ఉన్న మనిషికి డాక్టర్ దాన్ని పక్కనపెట్టారంటే అది సరిపెట్టడం కాదు, ఆయన్ని చూసి రాయడం. ఇదే ప్రశ్న ఊపిరితిత్తుల జబ్బున్న వ్యక్తి గురించి వచ్చుంటే నేను డాసాటినిబ్ గురించి జాగ్రత్త చెప్పేవాణ్ని, ఎందుకంటే దానితో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరే సమస్య ఉంది. పేగులు సున్నితంగా ఉన్నవాళ్లని బోసుటినిబ్ మొదటి వారాల్లో విరేచనాలతో ఇబ్బంది పెడుతుంది.

రెండో తరం మందుతోనే మొదలుపెట్టాలని నేనూ అనుకునే సందర్భాలున్నాయి. వయసు, ప్లీహం ఎంత పెరిగింది, ప్లేట్‌లెట్లు, బ్లాస్ట్ కణాలు (ఇంకా ఎదగని తెల్లకణాలు) ఎన్ని అన్నవి కలిపి సోకాల్ అని, ఈఎల్‌టీఎస్ అని స్కోర్లు కడతారు. ఆ స్కోరు ఎక్కువ రిస్క్ అని వస్తే అప్పుడు ఆలోచించాలి. చిన్న వయసువాళ్లు, ఎప్పటికైనా మందు మానేయాలన్న కోరిక ఉన్నవాళ్ల విషయంలో కూడా అంతే. మీ నాన్నగారి స్కోరు ఎంతో డాక్టర్‌ని అడగండి, అది ఆయన ఫైల్లో ఉండాలి. ఇమాటినిబ్‌ని భోజనంతో పాటు పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోమనండి, కడుపులో తిప్పడం తగ్గుతుంది. కళ్ల చుట్టూ ఉబ్బు, పిక్కలు పట్టేయడం చాలామందిలో కనిపించేవే. వస్తే డాక్టర్‌కి చెప్పాలి గానీ ఆయన తనంతట తాను మాత్ర ఆపేయకూడదు.

ప్రశ్న: మావారు సీఎంఎల్‌కి ఇమాటినిబ్ మొదలుపెట్టి 14 నెలలైంది. ఆరో నెలలో పీసీఆర్ 0.8 శాతం ఉంది, అందరం సంతోషించాం. ఇప్పుడు 3.2 అని వచ్చింది. డాక్టర్ మ్యుటేషన్ టెస్ట్ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. మందు ఇక పనిచేయదా?

టెన్షన్ సహజమే, కానీ ఈ లెక్క పెరిగిందంటే అదే ఆఖరు మాట కాదు. ముందు ఆ అంకెకి అర్థం చూద్దాం. జబ్బు కణాల్లో ఉండే బీసీఆర్-ఏబీఎల్ రక్తంలో ఎంత ఉందో కొలిచేదే పీసీఆర్ పరీక్ష. ఆ లెక్క అంతర్జాతీయ స్కేలు మీద మూడు నెలలకి 10 శాతానికి, ఆరు నెలలకి 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి అన్నది వాడుకలో ఉన్న కొలమానం. ఏడాది దాటాక కూడా 1 శాతం పైన ఉందంటే ఈ మందు సరిగా పనిచేయట్లేదని లెక్క. పైగా మీవారిది దిగి మళ్లీ పెరిగింది, కాబట్టి డాక్టర్ వెంటనే కదలడం మంచి పనే.

మ్యుటేషన్ రిపోర్టు కంటే ముందు ఒక ప్రశ్న ఉంది, అది మీవారిని మీరే అడగాలి, కోప్పడకుండా అడగాలి: మాత్రలు తప్పుతున్నాయా? లండన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో మాత్రల సీసా మూతలో చిప్ పెట్టి ఎన్నిసార్లు తెరిచారో లెక్కగట్టారు. వేసుకోవాల్సిన మాత్రల్లో 90 శాతం కంటే తక్కువ వేసుకున్నవాళ్లలో మంచి ఫలితం బాగా తగ్గిపోయింది. అంటే నెలలో మూడు నాలుగు రోజులు మర్చిపోవడం అన్నమాట. ఒంట్లో బాగున్నప్పుడు మర్చిపోవడం ఎంత తేలికో మనకి తెలియనిది కాదు. రెండోది, మధ్యలో ఫిట్స్ మందు గానీ, క్షయకి రిఫాంపిసిన్ గానీ మొదలుపెట్టారా? అలాంటివి ఇమాటినిబ్‌ని కాలేయంలో త్వరగా ఖర్చయ్యేలా చేస్తాయి, మాత్ర వేసుకున్నా రక్తంలో సరిపడా ఉండదు.

ఈ రెండూ కాదంటే అప్పుడు మ్యుటేషన్, అంటే జన్యువులో వచ్చిన మార్పు. ఇమాటినిబ్ వెళ్లి కూర్చునే చోట ప్రోటీన్ ఆకారం కాస్త మారిపోతే మందు అక్కడ అతుక్కోలేదు. ఆ మార్పు ఏదో తెలిస్తే తర్వాతి మందు ఏదో చాలావరకు తేలిపోతుంది, ఈ పరీక్ష విలువ అంతా అక్కడే ఉంది. రిపోర్టులో వై253హెచ్, ఈ255కే, ఎఫ్359వీ లాంటి పేర్లున్న మార్పులు వస్తే నిలోటినిబ్ మంచి ఎంపిక కాదు, డాసాటినిబ్ వైపు వెళ్తారు. ఎఫ్317ఎల్ గానీ వీ299ఎల్ గానీ అయితే దానికి తిరగేసి, డాసాటినిబ్ వద్దు, నిలోటినిబ్ చూడొచ్చు. టీ315ఐ అనేది మొండిది. ఇమాటినిబ్, డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ నాలుగూ దాని ముందు పనిచేయవు. దానికి పొనాటినిబ్ ఉంది, 2021లో అనుమతి వచ్చిన ఆసిమినిబ్ కూడా ఉంది. ఆసిమినిబ్ మిగతావాటిలా అదే చోట కూర్చోదు, ప్రోటీన్‌లో ఇంకో గుంటని పట్టుకుంటుంది, అందుకే ఆ మార్పు దాన్ని పెద్దగా ఆపలేదు. కాకపోతే టీ315ఐ ఉన్నవాళ్లకి మామూలు డోసు చాలదు, రోజుకి రెండుసార్లు 200 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలి. పొనాటినిబ్ గట్టి మందే, కానీ రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం దానితో బాగా ఉంది కాబట్టి 45 మిల్లీగ్రాములతో మొదలుపెట్టినా లెక్క 1 శాతానికి దిగగానే 15కి తగ్గిస్తారు.

కొత్త మందు మొదలుపెట్టాక కాదు, ఇప్పటి మందు మీద ఉండగానే రక్తం ఇవ్వాలి. మందు మారిపోతే ఆ మార్పున్న కణాలు దొరక్కపోవచ్చు. మ్యుటేషన్ ఏదీ లేదని వచ్చినా నిరుత్సాహపడొద్దు, అది కూడా సమాచారమే. అప్పుడు మీవారి గుండె, ఊపిరితిత్తులు, షుగర్ చూసి రెండో తరంలో ఏది సరిపోతుందో ఎంచుకుంటారు.

ప్రశ్న: నాకు కొత్తగా సీఎంఎల్ అని చెప్పారు. కొన్ని వందల జన్యువుల్ని ఒకేసారి చూసే పెద్ద టెస్ట్ చేయించుకుంటే నాకు సరిగ్గా సరిపోయే మందు తెలుస్తుందని ఒకరు చెప్పారు. చేయించుకోనా?

మొదట్లోనే అవసరం లేదు అన్నది నా అభిప్రాయం. కావాల్సింది ఇది: ఎముక మజ్జ పరీక్షలో క్రోమోజోముల చిత్రం, బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్, అందులో మీ అతుకు (9, 22 క్రోమోజోముల ముక్కలు కలిసిన చోటు) ఏ రకమో. ఈ చివరిది చాలామంది అడగరు. ఎక్కువమందిలో ఈ13ఏ2, ఈ14ఏ2 అనే రకాలుంటాయి. కొద్దిమందిలో వేరే రకం ఉంటుంది, అప్పుడు మామూలు పీసీఆర్ దాన్ని చూడలేక 'సున్నా' అని చూపించి మోసం చేస్తుంది. మొదటి రోజే రకం రాసిపెట్టుకుంటే ఆ ఇబ్బంది రాదు. వీటితోపాటు షుగర్, కొలెస్ట్రాల్, కాలేయం, ఈసీజీ, హెపటైటిస్ బీ. ఈ మందుల్లో కొన్నిటితో నిద్రపోతున్న హెపటైటిస్ బీ మళ్లీ లేవొచ్చు.

వందల జన్యువుల పరీక్షలో ఏఎస్ఎక్స్ఎల్1 లాంటి జన్యువులో మార్పు కనిపిస్తే మందుకి స్పందన తగ్గే అవకాశం ఉందని తెలుసు, నిజమే. కానీ జబ్బు మొదటి దశలో ఉండగా దాన్ని బట్టి మందు మార్చే పద్ధతి ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. మందు పనిచేయనప్పుడు, జబ్బు ముదిరే సూచనలున్నప్పుడు ఆ పరీక్షకి విలువ ఉంది. చేతిలో ఉన్న శక్తిని మూడు నెలలకోసారి పీసీఆర్ తప్పకుండా చేయించుకోవడం మీద పెట్టండి, అది కూడా వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో.

ప్రశ్న: మా అమ్మకి 68 ఏళ్లు. మామూలు రక్తపరీక్షలో సీఎల్‌ఎల్ బయటపడింది. తెల్లకణాలు 40 వేలు ఉన్నాయి. డాక్టరేమో 'ఇప్పుడు మందు వద్దు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి' అన్నారు. క్యాన్సర్ అని చెప్పి మందు ఇవ్వకపోవడం ఏమిటి? వయసు చూసి వదిలేశారా?

వదిలేయలేదు. సీఎల్‌ఎల్‌లో ఇబ్బందులు లేనివాళ్లకి ముందే మందు ఇచ్చి చూశారు. పాత కీమో మాత్రలతో చూశారు, ఈమధ్య కొత్త మాత్రలతో కూడా చూశారు. ముందుగా మొదలుపెట్టినంత మాత్రాన ఎక్కువకాలం బతుకుతారని తేలలేదు, దుష్ప్రభావాలు మాత్రం ముందే మొదలవుతాయి. తెల్లకణాల అంకె ఒక్కటే చూసి మందు మొదలుపెట్టరు. అది లక్ష దాటినా ఇంకే ఇబ్బందీ లేకపోతే ఆగేవాళ్లున్నారు.

ఎప్పుడు మొదలుపెడతారంటే, హిమోగ్లోబిన్ 10 కిందకి, ప్లేట్‌లెట్లు లక్ష కిందకి పడిపోతున్నప్పుడు, గ్రంథులు గానీ ప్లీహం గానీ బాగా పెరిగి బాధపెడుతున్నప్పుడు, ఆరు నెలల్లో ఒంటి బరువు పదో వంతు పైగా తగ్గినప్పుడు, ఇన్ఫెక్షన్ లేకుండా జ్వరం రెండు వారాలు దాటినప్పుడు, రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమటలు పడుతున్నప్పుడు, లేదా లింఫోసైట్లు ఆరు నెలల్లోపే రెట్టింపవుతున్నప్పుడు. ఇవి ఒక కాగితం మీద రాసి అమ్మకి కనపడేచోట పెట్టండి. కొందరికి ఏళ్ల తరబడి మందు అవసరమే రాదు. ఈలోపు ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టర్‌ని అడగండి. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు మాత్రం ఈ జబ్బులో వద్దు.

ప్రశ్న: మా పెదనాన్నకి 73 ఏళ్లు, సీఎల్‌ఎల్‌కి ఇప్పుడు వైద్యం మొదలుపెట్టాలన్నారు. ఆయనకి గుండె లయ తప్పే జబ్బు ఉంది, రక్తం పలచబడే మందు వాడతారు. ఇబ్రుటినిబ్ అని ఒకరు, వెనెటోక్లాక్స్ అని ఇంకొకరు చెప్పారు. ఏది మంచిది?

ఏది మంచిది అని కాదు, పెదనాన్నగారికి ఏది తక్కువ చెడు చేస్తుంది అని అడగాలి. దానికి ముందు రెండు పరీక్షలు చేతికి రావాలి. ఒకటి 17పీ లోపం (17వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోవడం), ఆ ముక్కలోనే ఉండే టీపీ53 అనే జన్యువులో మార్పు ఉన్నాయా అని. రెండోది ఐజీహెచ్‌వీ స్థితి, అంటే జబ్బు కణాల్లో యాంటీబాడీ తయారుచేసే జన్యువు మారి ఉందా లేదా అని. ఐజీహెచ్‌వీ జీవితాంతం మారదు, ఒకసారి చేస్తే చాలు. టీపీ53 మాత్రం జబ్బు తిరగబెట్టి మళ్లీ వైద్యం మొదలుపెట్టే ప్రతిసారీ చేయాలి, ఎందుకంటే మొదట్లో లేని మార్పు తర్వాత రావచ్చు. టీపీ53 దెబ్బతిన్నవాళ్లకి పాత తరహా కీమో ఇవ్వడం దండగ, ఒళ్లు గుల్లవడం తప్ప జబ్బు లొంగదు.

ఇబ్రుటినిబ్ బీటీకే అనే ప్రోటీన్‌ని అడ్డుకునే మాత్రల కుటుంబంలో మొదటిది, 2014 నుంచి సీఎల్‌ఎల్‌కి వాడుతున్నారు. బాగానే పనిచేస్తుంది. కానీ గుండె లయ తప్పించడం, రక్తస్రావం, బీపీ పెరగడం దాని చెడ్డ గుణాలు. లయ ముందే తప్పుతున్న మనిషికి, పైగా రక్తం పలచబడే మందు మీద ఉన్న మనిషికి అది నా మొదటి ఎంపిక కాదు. అదే కుటుంబంలో తర్వాత వచ్చిన అకాలాబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్‌లని ఇబ్రుటినిబ్‌తో ఎదురెదురుగా పోల్చినప్పుడు లయ తప్పడం తక్కువగా కనిపించింది. తక్కువే గానీ లేకపోలేదు. ఇవి సౌకర్యంగా ఉంటాయి, మాత్ర వేసుకుని ఇంట్లో ఉండొచ్చు, కాకపోతే పనిచేసినన్నాళ్లూ వాడుతూనే ఉండాలి. మొదలుపెట్టిన కొత్తల్లో గ్రంథుల్లోని కణాలు రక్తంలోకి వచ్చి తెల్లకణాల లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది. అది చూసి మందు పనిచేయట్లేదని మానేసినవాళ్లున్నారు, ఆ పొరపాటు చేయకండి.

వెనెటోక్లాక్స్‌ని ఒబినుటుజుమాబ్ అనే ఇంజెక్షన్‌తో కలిపి ఇస్తే దాదాపు ఏడాదికి వైద్యం ముగుస్తుంది. అది దాని పెద్ద ఆకర్షణ. కష్టం అంతా మొదట్లోనే: కణాలు ఒక్కసారిగా చచ్చిపోతే వాటిలోని పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద, గుండె మీద పడతాయి. అందుకని 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం 50, 100, 200, 400కి పెంచుతారు, నీళ్లు బాగా తాగిస్తారు, రక్తపరీక్షలు పదే పదే చేస్తారు. కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఆసుపత్రికి అన్నిసార్లు తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఉన్నారా అన్నవి కూడా ఇక్కడ వైద్య విషయాలే. ఒక ముఖ్యమైన సంగతి, లయ కోసం ఆయన డిల్టియాజెమ్ గానీ వెరాపమిల్ గానీ వాడుతుంటే అవి వెనెటోక్లాక్స్ మోతాదుని రక్తంలో పెంచేస్తాయి. గుండె డాక్టర్, రక్త డాక్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడండి.

17పీ లోపం లేకపోయి, కిడ్నీలు బాగుండి, తోడు మనిషి ఉంటే నేను వెనెటోక్లాక్స్ వైపు మొగ్గుతాను. 17పీ లోపం ఉంటే ఏడాదికి ఆపేసే వైద్యం తర్వాత జబ్బు త్వరగా తిరగబెడుతుంది కాబట్టి కొత్త బీటీకే మాత్రల వైపు చూసి, గుండెని దగ్గరగా గమనించమంటాను.

ప్రశ్న: నా వయసు 29. సీఎంఎల్‌కి మూడేళ్లుగా మాత్ర వాడుతున్నాను, రిపోర్టులు బాగున్నాయి. పిల్లలు కావాలనుకుంటున్నాం. మందు ఆపేయొచ్చా?

మీ అంతట మీరు మాత్రం ఆపొద్దమ్మా, అలాగని ఆశ వదులుకోవాల్సిన పనీ లేదు. ఈ మాత్రల మీద ఉండగా గర్భం రాకూడదు, ముఖ్యంగా మొదటి నెలల్లో బిడ్డ అవయవాలు ఏర్పడే వేళ ప్రమాదం ఎక్కువ. మామూలుగా మందు ఆపి చూడాలంటే ఇమాటినిబ్ అయితే అయిదేళ్లు, రెండో తరమైతే నాలుగేళ్లు వాడి ఉండాలి, పీసీఆర్ లెక్క 0.01 శాతం కిందే కనీసం రెండేళ్లు నిలకడగా ఉండాలి. అలా ఆపినవాళ్లలో సుమారు సగం మందికి జబ్బు తిరిగి రాదు. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది, మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరిలో లొంగుతుంది. మీకు మూడేళ్లే అయింది కాబట్టి, రిపోర్టులు 'బాగున్నాయి' అంటే సరిగ్గా ఎంత అన్నది మొదటి ప్రశ్న. అది 0.01 శాతం కిందే ఉంటే ఇంకొన్నాళ్లు ఆగి ఆపడం మేలు. ఆగడం కుదరకపోతే డాక్టర్‌తో ప్లాన్ చేసుకుని ఆపి, నెలనెలా పీసీఆర్ చూస్తూ వెళ్లే దారి ఉంది. గర్భంలో ఉండగా లెక్క పెరిగితే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ ఇచ్చే వీలుంది. మాత్ర మళ్లీ మొదలుపెట్టాక మాత్రం బిడ్డకి పాలివ్వకూడదు. మాత్ర ఆపిన కొత్తల్లో కీళ్లనొప్పులు, కండరాల నొప్పులు వస్తే భయపడకండి, కొంతమందికి వస్తాయి, కొన్నాళ్లకి తగ్గుతాయి.

ప్రశ్న: గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటాను. డాసాటినిబ్‌తో కలిపి వాడొచ్చా?

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి వద్దు. కడుపులో ఆమ్లం తగ్గితే డాసాటినిబ్ సరిగా ఒంట పట్టదు. బోసుటినిబ్‌కీ ఇదే మాట, అకాలాబ్రుటినిబ్ క్యాప్సూల్‌కి కూడా, దాని మాత్ర రూపానికి మాత్రం ఈ గొడవ లేదు. ఇమాటినిబ్‌కి ఫర్వాలేదు. మరీ మంటగా ఉంటే నమిలే యాంటాసిడ్‌ని డాసాటినిబ్‌కి రెండు గంటల ముందో తర్వాతో వేసుకోండి. గ్రేప్‌ఫ్రూట్ రసం ఈ మందులు చాలావాటితో కుదరదు. మూలికల పొడులు, మాత్రలు ఏవైనా వాడుతుంటే ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి, పేరు నోటితో చెప్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు.